స్కీ రిసార్ట్‌కు ముందు వేసవిలో వెళ్లండి, పాస్ సంగతి తర్వాత చూద్దాం

ప్రశ్న: మాకు ఇద్దరు పిల్లలు. బాబుకు తొమ్మిదేళ్లు, పాపకు ఐదు. ఇంట్లో ఎవరికీ స్కీయింగ్ రాదు. ఈ చలికాలంలో ఒక స్కీ రిసార్ట్‌లో నాలుగు రోజులు గడిపి, వేసవి సెలవుల్లో మళ్లీ అక్కడికే వెళ్లాలని ఉంది. ఏడాదిగా నెలనెలా కొంత పక్కన పెట్టాం. సీజన్ పాస్ (సీజనంతా లిఫ్టులు ఎక్కనిచ్చే టికెట్టు) కొంటే రెండు ట్రిప్పులకూ కలిసొస్తుందని స్నేహితులు అంటున్నారు. రిసార్ట్ వాళ్లు టైమ్‌షేర్, అంటే ఏటా కొన్ని రోజులు అక్కడ ఉండే హక్కు, కొనుక్కోమని అడుగుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అప్పు చేయకుండా, ముందే దాచుకుని బయల్దేరుతున్నందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. మీ ప్లాన్‌లో నేను మార్చమనేది ఒక్కటే, వరస. వీలైతే ముందు వేసవిలో వెళ్లండి, మంచులోకి ఆ తర్వాతి చలికాలంలో వెళ్లండి.

ఎందుకంటే చలికాలం ట్రిప్పు ఖర్చు ఒక పెద్ద అంకెలా కనిపించదు. లిఫ్ట్ (కొండ పైకి తీసుకెళ్లే కేబుల్ కుర్చీలు, కార్లు) టికెట్టు, స్కీలు, బూట్లు, హెల్మెట్ అద్దె, నేర్పించేవాళ్ల ఫీజు అంటూ చిన్నచిన్న అంకెలుగా వస్తుంది. వీటిలో ప్రతి ఒక్కటీ మనిషికి ఇంత, రోజుకు ఇంత అని పడుతుంది. మీరు నలుగురు, నాలుగు రోజులు. అంటే ఒక్కో అంకెనూ పదహారుతో గుణించాలి. పైగా తడవని ప్యాంట్లు, గ్లవ్స్, కళ్లద్దాలు. పిల్లలు ఏడాదిలో పెరిగిపోతారు కాబట్టి అవి మళ్లీ పనికిరావు. సెలవుల వారంలో గది అద్దె కూడా ఎక్కువే. చూస్తుండగానే తడిసి మోపెడవుతుంది.

మా పిల్లలతో మొదటిసారి వెళ్లినప్పుడు కౌంటర్‌లో చెప్పినట్టే నలుగురికీ కొండ మొత్తం తిరిగే టికెట్టు మూడు రోజులకు కొన్నాను. మా చిన్నవాడు ఆ మూడు రోజులూ కింద కన్వేయర్ బెల్టు మీద పైకి వెళ్లడం, జారడం, మళ్లీ ఎక్కడం, అంతే. వాడు ఎంత ఆనందపడ్డాడో ఇప్పటికీ గుర్తుంది. కానీ ఆ ఆనందానికి కొండ మొత్తం టికెట్టు అక్కర్లేదు. కొత్తగా నేర్చుకునేవాళ్ల వాలు వరకే తక్కువ ధరకు టికెట్టు అమ్మే రిసార్ట్‌లు చాలా ఉన్నాయి. పాఠం, అద్దె సామాను, టికెట్టు కలిపిన ప్యాకేజీలూ ఉంటాయి. చాలా చోట్ల బాగా చిన్న పిల్లలకు లిఫ్ట్ ఉచితం, అయితే వయసు హద్దు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. ఇవన్నీ ఇంట్లో ఉన్నప్పుడే అడిగి తెలుసుకోవాలి.

ఇక సీజన్ పాస్. అమెరికాలో 2008లో ఎపిక్ పాస్, 2018లో ఐకాన్ పాస్ వచ్చాక ఒకే పాస్‌తో ఎన్నో కొండలు తిరిగే పద్ధతి బాగా పెరిగింది. ఇలాంటి పాస్ వసంతంలో చవగ్గా ఉంటుంది, సీజన్ దగ్గరపడేకొద్దీ ధర పెరుగుతుంది. మంచు పడినా పడకపోయినా రిసార్ట్‌కు డబ్బు ముందే చేతికొస్తుంది. అంటే మంచు పడదేమోనన్న టెన్షన్‌లో కొంత వాళ్ల నుంచి మీకు బదిలీ అవుతుంది. అందుకు బదులుగానే ఆ తగ్గింపు. ఏటా పది, పదిహేను రోజులు స్కీ చేసేవాళ్లకు అది మంచి బేరమే. మీరు మాత్రం పాస్ ధరను ఒక రోజు టికెట్టు ధరతో భాగించండి. ఆరు వచ్చిందనుకోండి, మీరు వెళ్లేది నాలుగు రోజులు, అందులో పాప నిజంగా స్కీల మీద నిలబడేది రెండో మూడో. మీకది నష్టమే. ముందే ఆన్‌లైన్‌లో కొన్న రోజువారీ టికెట్లు చాలు. స్నేహితులు చెప్పిన 'రెండు ట్రిప్పులకూ' అన్న మాట కూడా సరిచూసుకోండి. చాలా చోట్ల వేసవిలో సైకిల్ పార్కుకు, ఆటలకు విడిగా టికెట్టు కొనాల్సిందే.

వేసవి నిజంగా చవక. కేబుల్ కారు, నడకదారులు, పచ్చిక, అంతే చాలు. ఆస్ట్రియాలోని జాల్‌బాఖ్ లాంటి చోట, ఆ ఊరి కార్డు పథకంలో చేరిన బసలో దిగితే వేసవిలో కేబుల్ కార్లు ఎక్కే కార్డు బసతోపాటే ఇస్తారు. పిల్లలకు ఎత్తు పడుతుందో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది. అమెరికాలోని బ్రెకెన్‌రిడ్జ్ ఊరే 9,600 అడుగుల ఎత్తులో ఉంది. ఎత్తు పడక తలనొప్పితో పడుకున్న రోజుకు కట్టిన టికెట్టు డబ్బు సాధారణంగా వెనక్కి రాదు. ఒక్క జాగ్రత్త: మంచు కరిగాక, వేసవి మొదలయ్యేలోపు చాలా రిసార్ట్‌లు కొన్ని వారాలు మూసేస్తారు. లిఫ్టులు తిరిగే తేదీలు చూశాకే గది బుక్ చేయండి.

బీమా దగ్గర మాత్రం పొదుపు చేయకండి. మామూలు ట్రావెల్ పాలసీల్లో చాలావాటికి స్కీయింగ్ వర్తించదు, శీతాకాల క్రీడల కవర్ విడిగా జోడించాలి. కొండ మీద కాలు విరిగితే హెలికాప్టర్ రావాల్సి రావచ్చు. ఆస్ట్రియాలో అలాంటి క్రీడా ప్రమాదాల హెలికాప్టర్ ఖర్చును ప్రభుత్వ ఆరోగ్య బీమా సాధారణంగా భరించదు. ఇటలీలో 2022 జనవరి 1 నుంచి స్కీ వాలుల మీదికి వెళ్లాలంటే ఇతరులకు కలిగించే నష్టానికి బీమా తప్పనిసరి. పాలసీలో 'రెస్క్యూ', 'ఎదుటివారికి నష్టం' అన్న రెండు మాటలూ ఉన్నాయో లేదో మీరే చదివి చూడండి.

డబ్బు విషయానికొస్తే, ఇప్పటిదాకా దాచినదాంట్లోంచి వేసవి ట్రిప్పు ముగించి, మిగిలినదాన్ని అలాగే ఉంచండి. అదే మొత్తం నెలనెలా వేస్తూ వెళ్తే చలికాలానికి సరిపోయేంత చేరుతుంది. చేరకపోతే నాలుగు రోజులను రెండు చేయండి, అత్యవసర నిధి జోలికి మాత్రం వెళ్లకండి. పిల్లలు ఈ ఏడాదే మంచు చూడాలని పట్టుబడితే కాదనకండి. రెండు రోజులు, కింది వాలు, అద్దె సామాను, అంతవరకే పెట్టుకోండి.

టైమ్‌షేర్ వద్దు. పిల్లలకు నచ్చుతుందో లేదో తెలియని ఆటకు ఏళ్ల తరబడి కట్టుబడటం నాకు భయమనిపిస్తోంది. దాని మెయింటెనెన్స్ ఫీజు మీరు వెళ్లినా వెళ్లకపోయినా ఏటా కట్టాలి, అమ్ముదామంటే కొనేవాళ్లు దొరకడం కష్టం. యూరోపియన్ యూనియన్ దేశాల్లో సంతకం పెట్టాక మనసు మార్చుకోవడానికి 14 రోజులు ఉంటాయి, మరోచోట ఆ గడువు వేరు. ఉచిత టికెట్ల కోసం వాళ్ల ప్రెజెంటేషన్‌కు వెళ్తే మాత్రం సంతకం పెట్టకుండా, గత ఐదేళ్లలో ఫీజు ఎంత పెరిగిందో కాగితం మీద రాయించుకుని రండి. ఆ కాగితం నాకు పంపిస్తే లెక్క చూసి చెబుతాను.