పాఠకుల ప్రశ్నలు: మేడ మీది డిష్ నుంచి గదిలోకి కేబుల్

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలో కొబ్బరితోట నడుమ ఉన్న శ్లాబు ఇల్లు. ఫైబర్ లైను మా వైపు రాలేదు కనుక శాటిలైట్ ఇంటర్నెట్ పెట్టించుకుంటున్నాము. ఇంట్లో ఇదివరకటి డీటీహెచ్ కేబుల్ ఉన్నది కాబట్టి దానికే అతుకు వేసి, కిటికీ సందులోంచి లోపలికి తెచ్చేస్తామని పనివారు అంటున్నారు. అలా చేయించవచ్చా? గోడకు రంధ్రం పెట్టాలంటే ఎక్కడ పెట్టించాలి? పిడుగుల మాటేమిటి?

– ఒక పాఠకుడు, కవిటి మండలం

జవాబు: కిటికీ సందు వద్దు, అతుకు అంతకన్నా వద్దు. పాత కేబుల్ విషయం మాత్రం కాస్త వివరంగా చెప్పుకోవాలి. డీటీహెచ్ డిష్ సంకేతాన్ని అందుకోవడంతో సరిపెడుతుంది. ఇంటర్నెట్ డిష్ తిరిగి ఉపగ్రహానికి పంపాలి కూడా. ఆ పంపే పరికరానికి కావలసిన కరెంటు సాధారణంగా మోడెమ్ నుంచి ఇదే కోయాక్సియల్ కేబుల్ (నడుమ ఒక తీగ, దాని చుట్టూ సన్నని తీగల అల్లిక ఉండే రకం) గుండా పైకి వెళుతుంది. టీవీ కోసం వేసే చౌక కేబుళ్లలో మధ్య తీగ ఉక్కుది, దాని మీద రాగి పూత మాత్రమే ఉంటుంది. ఉక్కుకు నిరోధం ఎక్కువ కాబట్టి కేబుల్ పొడవు పెరిగినకొద్దీ వోల్టేజీ పడిపోయి, డిష్ దగ్గరి పరికరం అర్ధాకలితో పనిచేస్తుంది. మనమేమో మబ్బు పట్టిందని సరిపెట్టుకుంటాము. తెగిన కొస దగ్గర మధ్య తీగకు చిన్న అయస్కాంతం ఆనించి చూడండి. అంటుకుంటే అది ఉక్కు. ‘ఆర్‌జీ-6’ రకం, 75 ఓమ్‌లు, మధ్య తీగ పూర్తి రాగి అని అడిగి కొత్తది కొనండి. మంచి ఆర్‌జీ-6 లోనే 1,000 మెగాహెర్ట్జ్ వద్ద ప్రతి 30 మీటర్లకు సుమారు 6 డెసిబెల్స్, అంటే బలంలో నాలుగింట మూడు వంతులు, పోతుంది. నడుమ అతుకు పెడితే నష్టం పెరగడమే కాక, ఉప్పుగాలి తగిలే మీ తీరంలో అక్కడే చిలుము పడుతుంది.

కేబుల్ పొట్టిగా ఉండాలంటే డిష్ చోటును ముందే ఆలోచించాలి. మీ సర్వీసు జీశాట్-11 మీద నడిచేదైతే, ఆ ఉపగ్రహం 74 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉన్నది కాబట్టి మీ ఊళ్లో డిష్ దక్షిణ నైరుతి దిక్కుగా, 65 డిగ్రీలకు కొంచెం అటూ ఇటూ ఎత్తుకు చూస్తుంది. చూపు అంత నిటారుగా ఉన్నప్పుడు, ఆ దిక్కున ఇంటిని ఆనుకుని చెట్టు లేకపోతే చాలు, తోట అడ్డురాదు. డిష్‌ను మేడ చివరి మూలకు నెట్టే అవసరం ఉండదు. మోడెమ్ ఉండే గదికి పైభాగాన పెట్టించి, పిట్టగోడ వెంబడి క్లిప్పులతో కేబుల్ దింపించండి. కొబ్బరిచెట్టుకు మాత్రం కట్టనివ్వకండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు ఉద్దానం తోటలు ఏమయ్యాయో మీకు నేను చెప్పనక్కరలేదు.

రంధ్రం గోడకే పెట్టించాలి, శ్లాబుకు కాదు. శ్లాబులో పెట్టిన రంధ్రం ఎంత పూడ్చినా ఒక వానాకాలంలో ఉరవడం మొదలుపెడుతుంది. సన్‌షేడు కింద, లోపల స్విచ్‌బోర్డుకు నిట్టనిలువు గీతలో రాని చోట, డ్రిల్లును బయటి వైపుకు కొద్దిగా వాలుగా పట్టి తొలిపించండి. కనెక్టరు బిగించకముందే కేబుల్‌ను లాగితే 10 మిల్లీమీటర్ల రంధ్రం చాలు. రంధ్రంలోకి వెళ్లే ముందు కేబుల్‌ను కిందికి జారవిడిచి మళ్లీ పైకి తెచ్చి దూర్చాలి. వాన నీరు ఆ వంపు అడుగున చుక్కలై రాలిపోతుంది. మెలిక పెట్టకుండా, వంపును బెత్తెడు వెడల్పుగానైనా ఉంచాలి. తర్వాత బయటి వైపు సిలికాన్‌తో మూయించండి.

ఇక కనెక్టరు. పైతొడుగు ఒలిచాక అల్లిక తీగల్లో వెంట్రుకంత పోగు ఒక్కటి మధ్య రాగికి తగిలినా షార్టవుతుంది. పోగులన్నీ వెనక్కి మడిచాక, మధ్య తీగ కనెక్టరు అంచు దాటి రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి రావాలి. వేళ్లతో తిప్పి బిగించే రకం కాకుండా, ఒత్తిడి పరికరంతో నొక్కే రకాన్నే వాడమనండి. బయట ఉండే ప్రతి కనెక్టరుకూ నీరు చొరని రబ్బరు టేపు చుట్టించండి.

పిడుగు సూటిగా పడితే ఏ ఏర్పాటూ ఆపలేదు. చుట్టుపక్కల పడినప్పుడు తీగల్లో పుట్టే కరెంటును మాత్రం, డిష్ స్తంభాన్నీ, ఇంట్లోకి వచ్చే చోట గ్రౌండింగ్ బ్లాకు (కేబుల్ అల్లికను ఎర్త్ తీగకు కలిపే చిన్న లోహపు ముక్క) ద్వారా కేబుల్ పై అల్లికనూ మందపాటి రాగితీగతో ఇంటి ఎర్తింగ్‌కే కలిపితే చాలావరకు భూమిలోకి పంపవచ్చు. విడిగా ఇంకొక ఎర్త్ గొయ్యి తీసి, పాతదానికి కలపకుండా వదిలేయడం ప్రమాదకరం. ఈదురుగాలి లేవకముందే మోడెమ్ ప్లగ్గు తీసి, ఆ తర్వాతే కేబుల్ విప్పండి. కేబుల్‌లో కరెంటు ఉంటుందని పైన చెప్పాను గదా. ఉరుములు మొదలైపోతే మాత్రం దాని జోలికి వెళ్లవద్దు.

ప్రశ్న: విజయనగరంలో కట్టుకుంటున్న ఇంటికి గోడల్లో పైపులు వేయిస్తున్నాము. కరెంటు వైర్ల పైపులోనే ఈ కేబుల్ కూడా పంపవచ్చునా?

– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: పంపకూడదమ్మా. వేరే పైపు, 25 మిల్లీమీటర్లది, మేడ మీదికి వేయించండి. పై మూతిని కిందికి వంచితే వాన దిగదు. కరెంటు పైపును దాటవలసి వస్తే అడ్డంగా దాటించండి, పక్కపక్కనే నడిపించవద్దు. లోపల ఒక నైలాను తాడు వదిలి ఉంచితే తర్వాత కేబుల్ లాగడం తేలిక. స్టార్‌లింక్ వంటి వాటికి కోయాక్సియల్ కాక వాళ్ల సొంత కేబుల్ ఉంటుంది. దాని ప్లగ్గు పెద్దది కనుక పైపులో మూలమలుపుల ఎల్బోలు కాకుండా వెడల్పు బెండ్లు వేయించండి.