కొత్త సమన్వయకర్తకు సీనియర్ నుంచి ఏం నేర్చుకోవాలి?
నమస్కారమండీ. హైదరాబాద్‌లో ప్రత్యేక విద్యా సమన్వయకర్తగా కొత్తగా చేరిన మీకు, మార్గదర్శిగా నియమించిన సీనియర్ అధికారి ఫారాలు నింపడం తప్ప మరేమీ చూపడం లేదని రాశారు. ఫారాలు ఎవరైనా నేర్పగలరు. మీ పనిపై మరిన్ని సమీక్షలు చేయమని ఆయనను అడగడం కన్నా, ఒక విద్యార్థి వ్యక్తిగత విద్యా ప్రణాళిక (ఆ విద్యార్థి అవసరాలకు తగినట్టు రూపొందించే బోధనా ప్రణాళిక) సమావేశంలో పక్కన కూర్చుని గమనించేందుకు, తర్వాతి సమావేశాన్ని ఆయన సమక్షంలో మీరే నడిపేందుకు అవకాశం కోరండి. తల్లిదండ్రులతో మాట్లాడే తీరు, తరగతి ఉపాధ్యాయుల అభ్యంతరాలను ఓర్పుగా వినడం అక్కడే అలవడతాయి.

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 16, 31 సెక్షన్లను కూడా ఆయనతో కలిసి చదవండి. ప్రవేశానికి వెనకాడే పాఠశాలకు మొదటిది చూపాలి. 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య గురించి అడిగే తల్లిదండ్రులకు రెండవది వివరించాలి. మేధో వైకల్యంపై సందేహాలుంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఆ వైకల్యం ఉన్నవారి సాధికారతకు పనిచేసే జాతీయ సంస్థ (NIEPID)ను సంప్రదించవచ్చు.