ట్రిగ్గర్ చేప రొయ్యల్ని తిన్నది సరే, ఆ రాళ్ల సంగతేమిటి?

ప్రశ్న: మాది కావలి. రొయ్యల సాగు చేస్తాం. సరదా కొద్దీ ఇంటి హాల్లో ఆరడుగుల ఉప్పునీటి అక్వేరియం పెట్టించాను. జీవాలన్నీ చెన్నైలోని ఒక దుకాణం వాళ్లే ఎంపిక చేసి ఇచ్చారు: క్లౌన్ ఫిష్ జత, ఒక బ్లూ టాంగ్, ఒక క్లౌన్ ట్రిగ్గర్, ఆరు క్లీనర్ రొయ్యలు, ఒక అనిమోన్ (పువ్వులా కనిపించే సముద్రజీవి), నాలుగు పగడాలు. ఇసుకను శుభ్రం చేస్తుందని కొసరుగా ఒక సముద్ర దోసకాయ కూడా ఇచ్చారు. 'అన్నా, ఇవన్నీ కలిసే ఉంటాయి, నాదీ పూచీ' అని వాయిస్ మెసేజ్ పెట్టారు. పది రోజుల్లో ట్రిగ్గర్ నాలుగు రొయ్యల్ని తినేసింది. తర్వాత టాంగ్‌కు తెల్లమచ్చలు వచ్చాయి. ఫోన్ చేస్తే అదే దుకాణం మందు పంపింది. వేసిన రెండు రోజులకే మిగిలిన రొయ్యలు, అనిమోన్, సముద్ర దోసకాయ చచ్చాయి. రెండు పగడాలు తెల్లబడ్డాయి. రొయ్యల్ని ఫ్రీజర్‌లో దాచాను. జీవాలకే లక్షా పదివేలు అయింది. డబ్బు అడిగితే 'ప్రాణమున్న వాటికి గ్యారంటీ లేదని బిల్లు మీదే ఉంది' అంటున్నారు. కేసు వేయవచ్చా? బిల్లు, ఫొటోలు జత చేశాను.

జవాబు: వేయవచ్చు. గెలిచే అవకాశమూ ఉంది. కానీ మీరు పంపిన ఫొటోలు చూశాక నాకు పట్టుకున్న టెన్షన్ వేరు. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు మీరడిగినదానికి జవాబు.

చట్టం దృష్టిలో చేప కూడా సరుకే. సరుకుల విక్రయ చట్టం, 1930లో సెక్షన్ 16 ఉంది. ఏ అవసరానికి కొంటున్నారో అమ్మేవాడికి చెప్పి, అతని అనుభవం మీద నమ్మకంతో కొన్నప్పుడు, ఆ సరుకు ఆ అవసరానికి పనికిరావాలి. ఒప్పందంలో రాయకపోయినా ఈ షరతు ఉన్నట్టే లెక్క. మీరు ట్యాంకు కొలతలు చెప్పారు, అందులో ఏమేం ఉంటాయో చెప్పారు, ఎంపిక వాళ్లకే వదిలేశారు. క్లౌన్ ట్రిగ్గర్ సముద్రంలో పీతల్ని, నత్తల్ని గట్టి పళ్లతో కొరుక్కుతినే చేప. దాని ముందు క్లీనర్ రొయ్యల్ని పెట్టడమంటే మేత పెట్టడమే. ఆ వ్యాపారం చేసేవాళ్లకు ఇది తెలియదంటే ఎవరూ నమ్మరు. పెద్ద చేప చిన్నదాన్ని మింగడాన్ని మనవాళ్లు మత్స్యన్యాయం అన్నారు గానీ, దుకాణదారు వినియోగదారుల కమిషన్ ముందు ఆ న్యాయం చెప్పి తప్పించుకోలేడు.

నా లెక్కలో మందు విషయం ఇంకా బలమైనది. మీ ప్రాంతంలో వైట్ స్పాట్ అనగానే రొయ్యల వైరస్ గుర్తొస్తుంది. టాంగ్‌కు వచ్చిన తెల్లమచ్చలు అది కాదు. సముద్రపు చేపల్లో సాధారణంగా కనిపించే ఆ మచ్చలకు కారణం ఒక పరాన్నజీవి. దానికి రాగి కలిసిన మందు వాడతారు. అయితే చేపను వేరే తొట్టెలోకి తీసి వాడాలి. రాగి రొయ్యలకు, అనిమోన్‌కు, పగడాలకు విషం. పైగా అది రాళ్లలోకి, ఇసుకలోకి ఇంకి చాలాకాలం మెల్లగా బయటికి వస్తూనే ఉంటుంది. అందువల్ల మీ నష్టం చచ్చిన జీవాలతో ఆగదు. ఇసుక, రాళ్లు మార్చే ఖర్చు కూడా అడగవచ్చు. మందు సీసా పారేయకండి. దాని మీద రాగి పేరు ఉంటే సగం పని అయినట్టే.

బిల్లు మీద 'గ్యారంటీ లేదు' అని ముద్రించినంత మాత్రాన బాధ్యత పోదు. ఆ వాక్యం పక్కనే 'నాదీ పూచీ' అన్న గొంతు ఉంది కదా. ఆ వాయిస్ మెసేజ్ వచ్చిన ఫోన్ మార్చకండి, చాట్ డిలీట్ చేయకండి. భారతీయ సాక్ష్య అధినియం, 2023లోని సెక్షన్ 63 ప్రకారం ఇలాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ జతచేయాలి. అది మీ వకీలు చూసుకుంటారు.

దుకాణం చెన్నైలో ఉన్నా మీరు అక్కడికి తిరగనక్కర్లేదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం ఫిర్యాదుదారు ఉండే చోటే కేసు వేయవచ్చు, అంటే నెల్లూరు జిల్లా కమిషన్‌లో. కొన్న విలువ 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. నష్టం జరిగిన నాటి నుంచి రెండేళ్ల గడువుంది. ముందు ఒక లాయర్ నోటీసు పంపండి. ఒక జాగ్రత్త: ట్యాంకు ఉన్నది ఇంట్లోనేనని, వ్యాపారానికి కాదని స్పష్టంగా రాయండి. రొయ్యల వ్యాపారి అనగానే అవతలి వకీలు 'ఈయన వినియోగదారే కాడు' అని మొదలుపెడతాడు.

వాళ్లకు ఇంకో ఆయుధమూ ఉంది. నీళ్లు పోసిన పది రోజులకే జీవాలన్నీ దింపారని ఫొటోల తేదీల్లో కనిపిస్తోంది. కొత్త ట్యాంకులో అమ్మోనియాను విడగొట్టే బ్యాక్టీరియా కుదురుకోవడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. 'తప్పు మీ నీళ్లది' అంటారు. మీరు చెరువు గట్టున చేసినట్టే ఇంట్లోనూ అమ్మోనియా, సాలినిటీ రోజూ రాసి ఉంటే ఆ నోటు పుస్తకం మిమ్మల్ని కాపాడుతుంది. రాయకపోతే ఇప్పుడు కూర్చుని వెనక తేదీలతో రాయొద్దు.

ఇక అసలు సంగతి. మీ బిల్లులో పగడాలు అన్న మాటే లేదు. 'డెకరేషన్ రాళ్లు - 4' అని ఉంది. మూడో ఫొటోలో ఆ రాళ్లు నోళ్లు తెరుచుకుని కనిపిస్తున్నాయి. కొమ్మలు కొమ్మలుగా ఉన్నది ఒకటి, మెదడు మడతల్లా ఉన్నది ఒకటి. ఫొటో చూసి జాతి తేల్చడం నా పని కాదు గానీ, ఇవి దిబ్బలు కట్టే గట్టి పగడాల్లాగే ఉన్నాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో ఇలాంటి పగడాలన్నిటినీ 2001లో షెడ్యూల్ 1లో చేర్చారు. పులికి ఎంత రక్షణో వాటికీ అంతే. నల్ల పగడం, సీ ఫ్యాన్, సముద్ర గుర్రం, కొన్ని రాక్షస ఆల్చిప్పలూ అందులోనే ఉన్నాయి. సముద్ర దోసకాయ కూడా అందులోదే. కొసరుగా ఇచ్చినా, చచ్చినా చట్టం చట్టమే. తెల్లబడిన ఆ రెండు పగడాల గురించీ అదే మాట.

దుకాణంవాడు రాళ్లని రాశాడంటే వాడికి సంగతి తెలిసే రాశాడని నా అనుమానం. కానీ ఇప్పుడు అవి ఉన్నది మీ హాల్లో. ఇలాంటి జీవి మీ దగ్గర దొరికితే అక్రమంగా ఉంచుకున్నట్టే భావిస్తారు. సక్రమమని నిరూపించుకునే భారం మీదే అని సెక్షన్ 57 చెబుతోంది. షెడ్యూల్ 1 జీవులైతే శిక్ష మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా, జరిమానా 25 వేలకు తక్కువ కాకుండా. విదేశీ జీవాలకు ఆన్‌లైన్‌లో రిజిస్ట్రేషన్ ఉంది, అది చేసుకుంటే సరిపోతుందని ఎవరైనా సలహా ఇస్తే నమ్మకండి. మన షెడ్యూల్ 1లో ఉన్న జీవికి అది రక్షణ కాదు.

ఇప్పుడు ఆలోచించండి. ఇదే బిల్లు, ఇవే ఫొటోలు కమిషన్‌లో దాఖలు చేస్తే మీ మీద మీరే సాక్ష్యం ఇచ్చుకున్నట్టు. చట్టం వద్దన్న సరుకుకు డబ్బు ఇప్పించమంటే ఏ కమిషనూ ఇప్పించదు. కాబట్టి ముందు పగడాల సంగతి తేల్చుకోండి. రెండేళ్ల గడువుంది, కంగారు లేదు.

రాత్రికి రాత్రి తుమ్మలపెంట తీసుకెళ్లి సముద్రంలో వదలొద్దు. పగలగొట్టి చెత్తలో వేయొద్దు. స్నేహితుడికి ఇవ్వొద్దు. మొదటిది చేస్తే ఎక్కడివో తెలియని జీవుల్ని, వాటి రోగాల్ని మన తీరంలోకి దింపినట్టు. మూడూ సాక్ష్యం మాయం చేయడమే. క్రిమినల్ కేసులు చూసే వకీలును పెట్టుకుని, ఎవరి దగ్గర కొన్నారో, ఎంత ఇచ్చారో రాతపూర్వకంగా జిల్లా అటవీ అధికారికి తెలిపి, వాటిని స్వాధీనం చేసుకోమని అడగడం నాకు కనిపించే మెరుగైన దారి. కేసు ఉండదని హామీ ఇవ్వలేను. తనంతట తానే వచ్చి చెప్పిన మనిషికీ, దాడిలో దొరికిన మనిషికీ కోర్టులో తేడా ఉంటుందని మాత్రం చెప్పగలను.

మళ్లీ ట్యాంకు పెట్టాలనుకుంటే పెట్టండి, ఆ సరదా మానమని అనను. ఇళ్లలో పెంచే సముద్రజీవాలన్నీ నిషిద్ధం కాదు. క్లౌన్ ఫిష్, గోబీలు, క్లీనర్ రొయ్యలు, హెర్మిట్ పీతలు జాబితాలో లేవు. జోవాంథిడ్, మష్రూమ్ లాంటి మెత్తటి రకాలూ గట్టి పగడాల కిందికి రావు. కానీ తనిఖీకి వచ్చిన అధికారికి ఆ తేడా చూపించే కాగితం మీ దగ్గర ఉండాలి. నత్తల దగ్గర జాగ్రత్త, ట్రోకస్, టర్బోల్లో కొన్ని జాతులు చట్టంలో ఉన్నాయి. క్లౌన్ ఫిష్ అయితే మన దేశంలోనే హేచరీల్లో పిల్లలు తీస్తున్నారు, మండపంలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఆ పద్ధతులు నేర్పింది. హేచరీ పిల్లలే కావాలని అడగండి. ప్రతి జీవి శాస్త్రీయ నామం బిల్లులో రాయమనండి. 'ఇది రొయ్యల్ని ముట్టదు, ఇది పగడాన్ని కొరకదు' అని చాట్‌లో రాయించుకోండి. ట్రిగ్గర్, పఫర్, లయన్ ఫిష్ కావాలంటే రొయ్యల ఆశ వదులుకోవాలి. ఇది నేను చట్టం పుస్తకంలో చదివింది కాదు, ఇలాంటి ఫైళ్లు చూసి నేర్చుకున్నది.

ఫ్రీజర్‌లో పెట్టిన రొయ్యల డబ్బాకు తేదీ రాసి సీలు వేయండి. పరీక్షకు పంపమని కమిషన్‌ను కోరవచ్చు. ఇంట్లో అందరికీ చెప్పండి, అవి కూరకు కాదని.