కొత్త ఇంట్లో వింత శబ్దాలు: బిల్డర్ బాధ్యత ఎంతవరకు?

ప్రశ్న: ఒక బిల్డర్ కొత్తగా కట్టిన ఇంటిని కొని ఎనిమిది నెలల క్రితం స్వాధీనం చేసుకున్నాం. రాత్రిపూట పడకగది గోడలో ఎవరో తట్టినట్లు టకటకమని, పై అంతస్తులో కిర్రుకిర్రుమని శబ్దాలు వస్తున్నాయి. ఫోన్ చేసినప్పుడల్లా బిల్డర్ ‘కొత్త ఇల్లు కదండీ, సర్దుకుంటుంది’ అంటున్నారు. లోపాలకు తన బాధ్యత ఏడాది వరకేనని ఒప్పందంలో రాసి ఉంది. ఆ గడువు దాటితే మాకు ఇక దారి ఉండదా?

జవాబు: గడువు గురించి మీరు అంతగా కంగారు పడనక్కరలేదు. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి) చట్టం 14(3) సెక్షన్ ప్రకారం, ఇంటిని స్వాధీనపరచిన తేదీ నుంచి ఐదేళ్లలోపు నిర్మాణ లోపాన్ని గానీ, పనితనంలో, నాణ్యతలో ఉన్న మరే లోపాన్ని గానీ కొనుగోలుదారు తెలియజేస్తే, 30 రోజుల్లో అదనపు సొమ్ము అడగకుండా సరిచేయవలసిన బాధ్యత బిల్డర్‌దే. అలా చేయకపోతే పరిహారం కోరే హక్కు మీకు ఉంటుంది. చట్టం ఇచ్చిన ఐదేళ్లను ఒప్పందంలోని ఏడాది షరతు కుదించలేదు. అయితే స్థలం 500 చదరపు మీటర్లకు మించని, లేదా ఇళ్ల సంఖ్య ఎనిమిదికి మించని ప్రాజెక్టులకు రెరా రిజిస్ట్రేషన్ నుంచి మినహాయింపు ఉన్నందున, మీ ఇంటి ప్రాజెక్టుకు రెరా నంబరు ఉన్నదో లేదో ముందుగా పత్రాల్లో చూసుకోండి.

మీ కేసులో అసలు చిక్కు గడువు కాదు, రుజువు. శబ్దం దానంతట అదే చట్టం దృష్టిలో లోపం కాదు. ఆ శబ్దానికి కారణమైన పని లోపమైతేనే బిల్డర్‌ను నిలదీయగలం. బిల్డర్ మాటలోనూ కొంత నిజం లేకపోలేదు. పగలు ఎండకు వ్యాకోచించిన కిటికీ చట్రాలు, పైకప్పు రేకులు, ఫాల్స్ సీలింగ్ ఇనుప పట్టీలు రాత్రి చల్లబడేటప్పుడు టిక్కుమంటాయి. తలుపుల చెక్క తేమ ఆరే కొద్దీ కిర్రుమంటుంది. ఇవి మరమ్మతు కోరదగినవి కావు. కానీ కుళాయి గబుక్కున కట్టేసినప్పుడో, మోటారు ఆగినప్పుడో గోడలో దడదడమంటే, పైపులను క్లాంపులతో సరిగ్గా బిగించలేదన్న అనుమానానికి ఆధారం ఉంటుంది. నేలమీద టైల్స్ తట్టినప్పుడు డొల్లగా మోగుతూ, నడిస్తే చప్పుడు చేస్తుంటే, కింద సిమెంటు సరిగ్గా నింపలేదనో, వ్యాకోచానికి సందు వదలలేదనో భావించవచ్చు. ఈ రెండూ స్పష్టంగా పనితనంలో లోపాలే. ఇక శబ్దాలతో పాటు గోడ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు సాగుతున్నా, నిన్నటిదాకా తేలికగా మూసుకున్న తలుపు ఇవాళ చట్రంలో ఇరుక్కుంటున్నా, చట్టం సంగతి తర్వాత, వెంటనే స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిపించండి.

కాబట్టి రెండు వారాల పాటు ఒక పుస్తకంలో శబ్దం వచ్చిన తేదీ, సమయం, గది, అప్పుడు మోటారు గానీ గీజరు గానీ నడుస్తున్నదా అన్నది రాసుకోండి. పగులు ఉంటే దాని కొసన పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ వేసి ఫోటో తీయండి; నెల తర్వాత పగులు ఆ గీతను దాటితే అది నోరు విప్పి చెప్పే సాక్ష్యం. ఫోనులో రికార్డు చేసిన శబ్దాన్ని రెరాలో గానీ, వినియోగదారుల కమిషన్‌లో గానీ దాఖలు చేసేటప్పుడు 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయవలసి రావచ్చు కనుక అసలు ఫైలును చెరపకండి. ఇవన్నీ చూపి ఇంజనీరు నుంచి కారణాన్ని పేర్కొనే నివేదిక తీసుకోండి. ఫోను సంభాషణలు రేపు ‘మాకెవరూ చెప్పలేదు’ అన్న మాట ముందు నిలబడవు, అందువల్ల ఆ నివేదిక నకలుతో, 14(3) సెక్షన్‌ను ప్రస్తావిస్తూ స్పీడ్ పోస్టులో నోటీసు పంపి రసీదు భద్రపరచండి. బిల్డర్‌కు చూపకముందే వేరే మేస్త్రీ చేత గోడ పగలగొట్టించడం మాత్రం వద్దు; లోపం మీ మేస్త్రీ వల్లే వచ్చిందనే వాదనకు మనమే తలుపు తీసినట్లవుతుంది. అలాగే, మరమ్మతు పూర్తిగా కుదిరిందని తేలకముందు ‘పని సంతృప్తికరంగా ఉంది’ అన్న కాగితంపై సంతకం చేయకండి.

నోటీసు అందిన 30 రోజుల్లో స్పందన లేకపోతే, మరమ్మతు కోసం రెరా అథారిటీకి, పరిహారం కోసం అదే చట్టం కింద న్యాయనిర్ణయ అధికారికి దరఖాస్తు చేసుకోవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో గృహ నిర్మాణం సేవగా పరిగణించబడుతుంది కనుక, మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే అవకాశమూ ఉంది. రెరా ఉన్నంత మాత్రాన ఆ దారి మూసుకుపోదని సుప్రీంకోర్టు 2020లో స్పష్టం చేసింది. ఇల్లు కొనడానికి చెల్లించిన మొత్తం 50 లక్షల రూపాయలు దాటితే రాష్ట్ర కమిషన్‌కు, రెండు కోట్లు దాటితే జాతీయ కమిషన్‌కు వెళ్లాలి. అయితే అక్కడ కాలపరిమితి రెండేళ్లే, కనుక రెరాలోని ఐదేళ్లను నమ్ముకుని వినియోగదారుల ఫిర్యాదును వాయిదా వేయకండి. మీ ఇంటికి రెరా వర్తించదని తేలితే మీకు మిగిలే ప్రధాన మార్గం ఇదే.