రెండు రోజులు ఇంటి నుంచి పని చేస్తే ఎదుగుదల ఆగిపోతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది బీటెక్ పూర్తి చేసింది. హైదరాబాద్‌లో రెండు ఉద్యోగాలు వచ్చాయి. ఒకదానిలో ఐదు రోజులూ ఆఫీసుకు వెళ్ళాలి, జీతం ఏడాదికి లక్ష ఎక్కువ. రెండోదానిలో వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని. పిల్ల రెండోదే కావాలంటోంది. ‘కళ్ళ ముందు లేనివాళ్ళకు ప్రమోషన్ ఎవరిస్తారు?’ అని మా తమ్ముడి వాదన. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీ తమ్ముడి భయం వట్టిదేమీ కాదు. కాకపోతే అది దాదాపు వారమంతా ఇంట్లోనే ఉండి చేసే ఉద్యోగాలకు వర్తిస్తుంది.

చైనాలో సీట్రిప్ అనే ప్రయాణ సేవల సంస్థ 2010లో తన కాల్‌సెంటర్‌లో ఒక ప్రయోగం చేసింది. ఆసక్తి చూపినవారిలో సరి తేదీల్లో పుట్టినవాళ్ళు వారానికి నాలుగు రోజులు ఇంటి నుంచి, మిగతావాళ్ళు ఎప్పటిలా ఆఫీసు నుంచి పని చేశారు. స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ బృందం తొమ్మిది నెలలు లెక్కలు తీసింది. ఇంటి నుంచి చేసినవారి పని 13 శాతం పెరిగింది, మానేసేవాళ్ళు సగానికి తగ్గారు. కానీ అంతే బాగా చేసినా ప్రమోషన్లలో వాళ్ళు వెనకబడ్డారు. ఒంటరిగా ఉండలేక చాలామంది తిరిగి ఆఫీసుకే వచ్చేశారు.

అదే సంస్థ 2021లో పద్ధతి మార్చి మళ్ళీ చూసింది. ఈసారి ఇంజినీర్లు, మార్కెటింగ్, ఫైనాన్స్ ఉద్యోగులు కలిపి 1,612 మంది. బేసి తేదీల్లో పుట్టినవారికి బుధ, శుక్రవారాలు మాత్రమే ఇల్లు. ఉద్యోగం మానేసేవాళ్ళు మూడో వంతు తగ్గారు. దూరం నుంచి వచ్చేవారిలో, మహిళల్లో ఈ తేడా బాగా కనిపించింది. తర్వాత రెండేళ్ళ పనితీరు మదింపులు చూసినా, ప్రమోషన్లు చూసినా తేడా లేదు. మొదట్లో పని దెబ్బతింటుందని అనుమానించిన మేనేజర్లే చివరికి మనసు మార్చుకున్నారు. సంస్థ ఆ పద్ధతిని అందరికీ వర్తింపజేసింది. ఉద్యోగి మానేస్తే కొత్తవారిని వెతికి, తర్ఫీదు ఇవ్వడానికి అయ్యే ఖర్చు ఏ యజమానికైనా తెలుసు. దయతో ఇచ్చిన సెలవు లాంటిది కాదిది, లెక్క చూసుకుని తీసుకున్న నిర్ణయం.

అయితే వాళ్ళంతా అప్పటికే అక్కడ పని చేస్తున్నవారు. మీ అమ్మాయికి ఇది మొదటి ఉద్యోగం. అమెరికాలో ఒక పెద్ద సంస్థ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లపై జరిగిన మరో అధ్యయనంలో, జట్టుతో ఒకే భవనంలో కూర్చున్నవారికి తమ కోడ్‌పై సూచనలు ఎక్కువగా అందాయి. వయసులో చిన్నవాళ్ళే వాటివల్ల ఎక్కువ లాభపడ్డారు. పని నేర్చుకునే దశలో పక్క కుర్చీలో సీనియర్ ఉండడం చాలా విలువైనది.

రెండు రోజుల ఇల్లు ప్రమోషన్లకు అడ్డు కాలేదు కాబట్టి నా మొగ్గు రెండో ఉద్యోగం వైపే, కానీ ఆ పక్క కుర్చీ దక్కాలన్నది షరతు. చేరేముందు హెచ్‌ఆర్‌ను కాకుండా, తను పని చేయబోయే జట్టు మేనేజర్‌ను అడగమనండి: ఆఫీసుకు వచ్చే మూడు రోజులూ జట్టంతా ఒకేసారి వస్తారా? నా పనిని ఎవరు చూసి తప్పులు చెబుతారు? వారానికి నిజంగా ఎన్ని గంటలు పని ఉంటుంది? ఈ చివరి ప్రశ్నకు మొహమాటపడనక్కర్లేదు. వారానికి 55 గంటలు, అంతకు మించి పని చేసేవారికి, 35–40 గంటలు చేసేవారికన్నా పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లోనే చెప్పాయి.

సీనియర్లు ఒక రోజు, కొత్తవాళ్ళు మరో రోజు వస్తారని తేలితే మొదటి ఉద్యోగమే మేలు. అప్పుడు ఆఫీసుకు దగ్గర్లో మంచి హాస్టల్ చూడండి, ఆ లక్షలో కొంత దానికి పోయినా ఫర్వాలేదు.