మధ్యాహ్నానికే పోయే సెంటు నకిలీదేనా?

ప్రశ్న: మా అన్నయ్య దుబాయ్ నుంచి ఫ్రెంచ్ కంపెనీ ఎర్మెస్ వాళ్ల 'అన్ జార్దాన్ సుర్ ల నీల్' సెంటు తెచ్చాడు. కొట్టుకోగానే పచ్చి మామిడికాయ, కాసేపటికి ఏదో పువ్వు, ఆ తర్వాత తడిసిన రాయిలాంటి వాసన, చాలా బాగుంది. కానీ ఆఫీసులో రెండు ఫైళ్లు చూసేసరికి ఏమీ ఉండట్లేదు. అన్నయ్యకి నకిలీది అంటగట్టారేమోనని టెన్షన్‌గా ఉంది. - ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: త్వరగా పోతోందన్న ఒక్క కారణంతో నకిలీ అనుకోకండి. మీరు రాసిన వరస దాని అసలు తీరుకి సరిపోతోంది. పెట్టె మీది బ్యాచ్ కోడ్ (ఏ విడతలో తయారైందో చెప్పే గుర్తు), సీసా మీది కోడ్ ఒకటి కాకపోతే మాత్రం అనుమానించాల్సిందే.

ఇది 2005లో జాన్ క్లోద్ ఎలెనా అనే ఫ్రెంచ్ సెంట్ల నిపుణుడు చేసిన సెంటు. ఈజిప్టులో అస్వాన్ దగ్గర, నైలు ఒడ్డున చెట్లకు వేలాడే పచ్చి మామిడికాయల వాసన దగ్గర ఆయనకి ఆలోచన దొరికింది. అందుకే ఇందులో పండు తీపి ఉండదు, తొడిమ విరిచినప్పుడు చిమ్మే సొనలో ఉంటుందే, ఆ వగరు, ఆ ఘాటు, అదే ముందు ముక్కుకి తగులుతుంది (మామిడి తోటల మధ్య పెరిగిన మనకి ఇది ఇట్టే పట్టుబడుతుంది, నాకు దీని మీద ఇష్టం కూడా అందుకే). తర్వాత వచ్చేది తామర. ఇక రాయి వాసన అంటారా, రాయి నుంచి నూనె తీయలేరు కదా, పొడి కలప వాసన ఇచ్చే సింథటిక్ పదార్థాలతో అలాంటి భ్రమ కలిగిస్తారు.

పచ్చివాసన ఇచ్చే అణువులు చిన్నవి, తేలికైనవి. కోసిన గడ్డి వాసనకి కారణమైన సిస్-3-హెక్సెనాల్ అలాంటిదే, ఒంటి వేడికే ఎగిరిపోతుంది, ఇక విజయవాడ ఎండలో చెప్పేదేముంది! పైగా ఒకే వాసనకి మన ముక్కు అలవాటుపడిపోతుంది కాబట్టి, అది ఉన్నా మీకు తెలియకపోవచ్చు, పక్క సీటు ఆవిణ్ణి అడిగి చూడండి.

స్నానం అయ్యాక వాసన లేని మాయిశ్చరైజర్ రాసుకుని దాని మీద కొట్టండి. కాటన్ చున్నీ మీద కొడితే ఒంటి మీదకన్నా ఎక్కువసేపు ఉంటుంది, పట్టుచీర మీద మాత్రం వద్దు, మరక పడొచ్చు. చిన్న స్ప్రే సీసాలో కొంచెం పోసి బ్యాగులో పెట్టుకుంటే భోజనం తర్వాత మళ్లీ కొట్టుకోవచ్చు. పెద్ద సీసాని బాత్రూంలోనో కిటికీ దగ్గరో పెట్టకండి, వేడికీ వెలుతురుకీ మొదట పాడయ్యేది ఆ పచ్చివాసనే.

పెళ్లికి వెళ్లి రాత్రి దాకా నిలవాలంటే ఇది పనికిరాదు, గంధం అత్తరో ఊద్ (అగరు చెక్క) అత్తరో చూసుకోండి.