తాగుడు మొదలుపెట్టే కారణం వేరు, ఆపలేని కారణం వేరు

అక్కా, మీ తమ్మునికి ఉద్యోగం, పెండ్లాం పిల్లలు అన్నీ ఉండి కూడా ఎందుకు తాగుతున్నడు, అడిగితే ఎందుకు నోరు ఇప్పడు అని అడిగిన్రు కదా. చాలామందికి అది చెప్పరాదు, ఎందుకంటే మొదలుపెట్టిన నాటి కారణం ఎప్పుడో పోయి ఉంటది, ఇప్పుడు తాగేది ఇంకో కారణానికి. ఇది మా మేనమామ దగ్గర కండ్లార చూసిన, అందుకే ఇంత పొడుగు రాస్తున్న.

మాది మహారాష్ట్రల చంద్రపూర్ జిల్లా బల్లార్షా. తాతల కాలంల కరీంనగర్ దిక్కు నుంచి బొగ్గు బాయి పనికి వచ్చినోళ్లం, ఇంట్ల తెలుగు, గడప దాటితే మరాఠీ హిందీ. మామ బాయిల నైట్ షిఫ్ట్ చేసేటోడు. రాత్రంత పని చేసి పొద్దున వచ్చి పండుకోవాలె, మా దగ్గర మే నెలల ఎండ 46, 47 డిగ్రీలు కొడతది, పైన రేకులు, పక్కింట్ల టీవీ, పిల్లల లొల్లి, ఇగ నిద్ర ఎట్ల పడతది చెప్పున్రి. షిఫ్ట్ దిగినంక తోటి పనోళ్లతోని ఒక క్వార్టర్ వేసుకుంటే నాలుగు గంటలు ఒళ్లు తెల్వకుండ పడుకునేటోడు. అట్ల మొదలైంది. అప్పుల బాధ కాదు, ఇంట్ల కొట్లాట కాదు, ఉత్తగ నిద్ర కోసం.

కొన్నేండ్లకు ఏమైందంటే పొద్దున అత్తమ్మ చాయ్ ఇస్తే సాసర్ పట్టలేకపోయేటోడు, కప్పు టకటక కొట్టుకునేది, సగం చాయ్ లుంగీ మీదనే. మంచం కింద సీస తీసి ఒక తొంభై గొంతుల పోసుకున్నంక కాసేపటికి అదే చెయ్యి నిమ్మళం, అగ్గిపుల్ల గీసి బీడీ సక్కగ ముట్టించుకునేటోడు. చూసినోళ్లు పొద్దుపొద్దుగాల్నే మొదలుపెట్టిండు, సిగ్గు శరం లేదు అనేటోళ్లు. నాకైతే ఆ మాట ఇప్పటికీ కోపం తెప్పిస్తది. అప్పటికి ఆయనకు మత్తు ఎక్కుడు అన్న సంగతే లేదు, మామూలు మనిషి లెక్క నిలబడటానికే తాగుతుండె.

2015 ఏప్రిల్ 1 నుంచి మా జిల్లాల దారుబందీ, అంటే మందు అమ్ముడు తాగుడు బంద్, పడ్డది. ఆడోళ్లు చిమూర్ నుంచి నాగపూర్ దాకా నడిచి, ఏండ్లకేండ్లు కొట్లాడి తెచ్చుకున్న బందీ అది, వాళ్ల గోస నిజం. మా ఇంట్ల కూడ సంబురపడ్డరు, దుకాణమే లేకపోతే ఇంకేం తాగుతడు అని. రెండో రోజు రాత్రికి మామ ఒంటి నిండ చెమటలు, దుప్పటి మీద లేని పురుగులు ఏరుతున్నడు, ఎప్పుడో సచ్చిపోయిన తాతతోని మాట్లాడుతున్నడు. గాలి సోకింది, భూతవైద్యుని పిలువున్రి అన్నది పక్కింటి ముసలమ్మ. అత్తమ్మ వినకుండ ఆటో మాట్లాడి దవాఖానకు తీసుకపోయింది, అదే ఆయన ప్రాణం నిలబెట్టింది.

అక్కడ డాక్టర్ చెప్పిన మాట నాకు బాగ ఎక్కింది. తాగే మందు మెదడును నెమ్మది చేస్తది, రోజూ పోస్తుంటే మెదడు దానికి తట్టుకోను తన వేగం పెంచుకుంటది, మందు ఒక్కసారే బంద్ అయితే ఆ వేగమే మిగులుతది, అందుకే వణుకు, గుండె దడ, కొందరికి ఫిట్స్, రెండు మూడు రోజులకు ఇట్ల లేనివి కనబడుడు, ఆలస్యమైతే మనిషే పోవచ్చు. బీ1 విటమిన్ ఇంజెక్షన్లు, కొన్ని మాత్రలు రోజురోజుకు తగ్గించుకుంట ఇచ్చిన్రు. మీ నాయన తాగుతుండెనా అని మామను కూడ అడిగిండు, ఈ గుణంల సగం దాకా వంశం నుంచి రావొచ్చునట. తాత తాగేటోడే మరి.

ఇంటికొచ్చినంక మళ్ల జారిండు. బందీ ఉన్నా చాటుకు రేటు పెంచి అమ్ముతనే ఉండిరి, పక్క గడ్చిరోలిల 1993 నుంచి బందీ ఉన్నా ఇప్పసారా కాగుడు ఆగిందా. (మా జిల్లాల 2021ల ఎత్తేసిన్రు కూడ.) అసలైతే నైట్ షిఫ్ట్ అదే, రేకుల ఇల్లు అదే, నిద్ర రాకపోవుడు అదే. బాయిల నుంచి తీసి పైన పగటి పనికి మార్చినంక, డాక్టర్ దగ్గరికి విడవకుండ పోయినంకనే ఆయన మెల్లగ బయటపడ్డడు.

పోరగాళ్ల సంగతి కొంచెం వేరు, మా దిక్కు ఎనిమిదో తరగతిల ఖర్రా (వక్క, తంబాకు కలిపింది) నమలుడుతోని మొదలైతది, నలుగుట్ల కలిసుండాలని, పొద్దు పోక. గంజాయి కూడ అదే సోపతిల వస్తది.

2019ల వచ్చిన దేశం సర్వేల ఒక లెక్క ఉంది, తాగుడుకు బానిసైనోళ్లల 38 మందిల ఒక్కరికే ఏదన్న వైద్యం అందిందట. మిగితావాళ్లకు ఇంట్ల తిట్లు, ఒట్లు, దేవుని మాలలే.

అందుకే అక్కా, ఎందుకు తాగుతున్నవ్ అని కాదు, పొద్దున మొదటిది ఎన్ని గంటలకు తాగుతున్నవ్, తాగకుంటే చేతులు వణుకుతయా అని అడుగున్రి. వణుకు ఉంటే గదిల పెట్టి గొళ్లెం వేసి మాన్పించే పని అస్సలు చెయ్యకున్రి, సర్కారు దవాఖానల మానసిక డాక్టర్‌కు చూపియ్యున్రి. తెల్వకుండ కూరల మాన్పుడు మందు కలుపుమని ఎవరన్న అంటే వినకున్రి, అందుల డైసల్ఫిరాం (తాగుడు మాన్పించనీకి డాక్టర్లు ఇచ్చే మాత్ర) ఉంటే, దాని మీద తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తది. మత్తు మాన్పించే సర్కారు హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చెయ్యున్రి, పైసలు పడయి.